‘కః’ అనే నామం, ‘ఎవరు?’ అనే ప్రశ్న

(కార్తిక మాస ప్రవచనాలలో భాగంగా మన ఆలయ మండపంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



నేటి ప్రసంగానికి విషయాన్ని నన్నే ఎంచుకొమ్మని ధర్మకర్తల మండలివారు కోరినప్పుడు నేను ఒకే ఒక్క అక్షరాన్ని ఎంచుకున్నాను. అది ‘క’. ఇంత చిన్న మాటను గురించి గంటసేపు చెప్పవలసినది ఏమున్నదని మీకు అనిపించవచ్చు. చెప్పవలసినది చాలా ఉన్నది. పైగా ఈ ప్రసంగంలో కొంత భాగం ప్రాయశ్చిత్తం కూడాను. నిరుడు ఇదే కార్తికంలో, ఇదే వేదిక మీద నిలబడి, ఈ అక్షరాన్ని గురించి నేను రెండు మాటలు చెప్పాను. మీరు సంతోషంతో కరతాళధ్వనులు చేశారు. ఆ రెండు మాటలూ నిలిచేవి కావు. ఎక్కడ చెప్పిన మాటను అక్కడే సరిదిద్దుకోవడం ధర్మమని భావించి మళ్ళీ మీ ముందుకు వచ్చాను.

మొన్నటి వేసవి సెలవులలో అమెరికా నుండి నా మనుమరాలు వచ్చినది. పదకొండేళ్ళ పిల్ల. వస్తూ వస్తూ స్క్రాబుల్ అనే మాటల ఆట పలకను వెంట తెచ్చినది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి ఈ ఆటను కల్పించాడు. వార్తాపత్రికలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించి, దానినిబట్టి అక్షరాల సంఖ్యనూ విలువనూ నిర్ణయించాడు. 1948లో ఆటకు ఇప్పటి పేరు వచ్చినది. అడ్డం 15, నిలువు 15 గళ్ళు గల పలక, 100 బిళ్ళలు. చేతిలోని ఏడు బిళ్ళలతో మాటలు కూర్చాలి. నిఘంటువులో ఉన్న మాట అయితే అంకెలు వస్తాయి. ఎదుటివారు ‘ఇది మాట కాదు’ అని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ తప్పయితే ఆక్షేపించినవారు తమ వంతు కోల్పోవాలి. మేము ఆ నియమంతోనే ఆడాము.

ఒకనాటి సాయంత్రం ఆ పిల్ల ‘కె’ అనే బిళ్ళను ఒక్కదానినే పలక మీద పెట్టినది. దానికి కుడివైపున ఒక ‘ఏ’, కింద మరొక ‘ఏ’ అప్పటికే ఉన్నాయి. అడ్డంగా చదివినా ‘కా’, నిలువుగా చదివినా ‘కా’. అది అక్షరం విలువను మూడింతలు చేసే గడి. ‘కె’ విలువ 5, మూడింతలు చేస్తే 15. ‘ఏ’ విలువ 1. అటు 16, ఇటు 16, ఒక్క బిళ్ళకు 32 అంకెలు! నలభై ఏళ్ళు భాషోపాధ్యాయుడిగా పనిచేసిన నేను, “ఇంగ్లీషులో ఇటువంటి మాట లేదమ్మా” అని ఆక్షేపించాను. ఆ పిల్ల నిఘంటువు తెరిచి చూపినది. ఉన్నది. ప్రాచీన ఈజిప్టువారి విశ్వాసంలో మనిషికి తోడుగా ఉండే జీవశక్తికి పేరట. నా వంతు పోయినది.

ఓడిపోయినా నాకు ఉత్సాహమే కలిగినది. “ఆ మాట మనదే తల్లీ! మన ప్రజాపతి పేరు ‘క’. ఇక్కడి నుండే అక్కడికి వెళ్ళినది” అన్నాను. నిరుడు మీకు చెప్పిన మొదటి మాట ఇదే.

పిల్ల ముఖం చిన్నబోయినది. “తెలుసు తాతయ్యా. మీ ప్రసంగం అమ్మ వినిపించినది. నేను దానిని మా బడిలో వ్యాసంగా రాశాను. టీచరు పక్కన ‘ఇది నీకు ఎలా తెలుసు?’ అని రాసినది. నాకేమో తెలియలేదు. ఎలా తెలుసు తాతయ్యా?” అని అడిగినది.

మహాశయులారా, ఆ క్షణంలో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. “పెద్దలు చెప్పిన మాటకు ఋజువులు అడుగుతారా?” అని కసురుకున్నాను. పిల్ల మాట్లాడకుండా బిళ్ళలు సంచిలో వేసి ముడి వేసినది. రెండు రోజులు ఆ పలక బల్ల మీదికి రాలేదు. ఉదయం పూజకు పిలిస్తే వచ్చి కూర్చున్నది కాని, రోజూ అడిగే ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు. ఆ మౌనమే నన్ను పుస్తకాల వద్దకు తీసుకొనిపోయినది. అక్కడ కనుగొన్నదే నేటి ప్రసంగం.

ముందుగా మన ఇంటిలోని సంపద చూద్దాము. అది నిజంగా మనది, సందేహం లేదు.

సంస్కృతంలో ‘కః’ అంటే ‘ఎవడు’. ఋగ్వేదం పదవ మండలంలో 121వ సూక్తం హిరణ్యగర్భ సూక్తం. అందులో 10 మంత్రాలు. సృష్టికి ముందు పుట్టిన వానిని, భూమ్యాకాశాలను నిలిపిన వానిని స్తుతిస్తూ, మొదటి తొమ్మిది మంత్రాలూ ఒకే ప్రశ్నతో ముగుస్తాయి: మేము హవిస్సు అర్పించవలసిన ఆ దేవుడు ఎవరు? పదవ మంత్రంలో మాత్రమే ప్రజాపతి పేరు వినిపిస్తుంది. తొమ్మిది మార్లు ప్రశ్న, ఒక్కమారు సమాధానం. తరువాతి కాలంలో ఆ ప్రశ్నార్థక పదమే ప్రజాపతికి నామధేయమైనది. అది ఎట్లా అయినదో ఐతరేయ బ్రాహ్మణం ఒక కథ చెబుతున్నది. వృత్రుని చంపి విజయం పొందిన ఇంద్రుడు ప్రజాపతిని సమీపించి, నీ మహత్త్వం నాకు కావాలన్నాడు. అప్పుడు ప్రజాపతి, అది నీకు ఇచ్చివేస్తే నేను ఎవడనవుతాను అని అడిగాడు. నీవిప్పుడు పలికిన ఆ ‘ఎవడు’ అనేదే నీవు అన్నాడు ఇంద్రుడు. సర్వమూ ఇచ్చివేసిన తరువాత మిగిలిన ప్రశ్నే దేవునికి పేరైనది. ఈ ‘క’ దేవతకు అర్పించే హవిస్సును ‘కాయం’ అంటారు. ఆ రూపం సాధించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు.

ఇది మనకు దూరమైన విషయం కాదు. మీలో ఎందరో నిత్యం విష్ణుసహస్రనామ పారాయణ చేస్తున్నారు. అందులో ‘కః’ ఒక నామం. ఆ వెంటనే ‘కిం’ మరొక నామం. ‘ఎవరు’, ‘ఏమి’ అనే రెండు ప్రశ్నలను మనం ప్రతిదినం స్వామి పేర్లుగా ఉచ్చరిస్తున్నాము. శంకర భగవత్పాదులు అక్కడ ‘క’ శబ్దానికి సుఖమనే అర్థం చెప్పి, సుఖస్వరూపుడు కనుక ‘కః’ అని వ్యాఖ్యానించారు. ఆ అర్థమూ ప్రాచీనమే. ‘కం’ అంటే సుఖం. ‘అకం’ అంటే దుఃఖం. అకం లేని చోటు ‘నాకం’, అనగా స్వర్గం. యాస్కుని నిరుక్తంలోనే ఈ వివరణ ఉన్నది.

అమరకోశం మరికొన్ని అర్థాలు ఇస్తున్నది. పుంలింగంలో ‘కః’ అంటే వాయువు, బ్రహ్మ, సూర్యుడు. నపుంసకలింగంలో ‘కం’ అంటే శిరస్సు, నీరు. నీటిలో పుట్టినది కనుక తామర ‘కంజం’. తామరల వంటి కన్నులు గలవాడు కంజాక్షుడు. శిరస్సును ధరించేది కనుక మెడ ‘కంధరం’. నల్లని మెడ గలవాడు నీలకంధరుడు. ఒక్క హల్లు, ఒక్క అచ్చు. అందులో హరిహరులిద్దరూ ఒదిగిపోయారు.

ఇన్ని అర్థాలు గల ఏకాక్షరాలు ఉంటే మన కవులు ఊరకుంటారా? ఏకాక్షర పదాల అర్థాలకే ప్రత్యేకంగా కోశాలు పుట్టాయి. భారవి కిరాతార్జునీయం పదునైదవ సర్గలో, చివరి పొల్లు తప్ప, కేవలం నకారంతోనే ఒక శ్లోకం నిర్మించాడు. మాఘుడు శిశుపాలవధం పంతొమ్మిదవ సర్గలో దకారం ఒక్కదానితోనే శ్లోకం చెప్పాడు. మన తెలుగునాట అవధాన సభలలో దత్తపది అనే అంశం ఉన్నది. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తాడు. అవి ఒక్కొక్కసారి పరభాషా పదాలు. అవధాని వాటిని విరిచి, కలిపి, తెలుగు పద్యంలో వేరొక అర్థం వచ్చేటట్లు పొదుగుతాడు. సభ ఆనందిస్తుంది. అయితే ఆ పద్యం విన్నవారెవ్వరూ ‘ఆ ఇంగ్లీషు మాట మన తెలుగులో నుండే పుట్టినదన్నమాట’ అని ఇంటికి పోరు. అది చమత్కారమని అవధానికి తెలుసు, పృచ్ఛకునికి తెలుసు, సభకూ తెలుసు.

నా తప్పు ఎక్కడ ఉన్నదో నాకు ఇక్కడ బోధపడినది. నేను దత్తపదిని చరిత్రగా చెప్పాను. చమత్కారాన్ని ప్రమాణమని మీకు అందించాను.

ఇక ఈ అక్షరం ఇతర భాషలలో ఎట్లా ఉన్నదో చూడండి.

ఈజిప్టులో ‘కా’కు గుర్తు పైకెత్తిన రెండు చేతులు. మరణించినవారి ‘కా’ కొరకు సమాధుల వద్ద అన్నపానాలు అర్పించేవారు. సుమారు 3,700 ఏళ్ళనాటి హోర్ అనే రాజు యొక్క ‘కా’కు చేసిన దారుశిల్పం 1894లో దహ్షూర్ అనే చోట దొరికినది. ఆ ప్రతిమ తల మీద రెండు చేతులు పైకెత్తి ఉంటాయి. చూడగానే మన చేతులు తామే జోడింపబడతాయి. పితృదేవతలకు పిండప్రదానం చేసే మనకు ఆ భావం పరాయిదిగా తోచదు. నిజమే. కాని భావం దగ్గరగా ఉన్నంత మాత్రాన మాట ఒకటే అవుతుందా? 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ చిత్రలిపి రహస్యాన్ని ఛేదించాడు. ఆ లిపిలో హల్లులే రాస్తారు, అచ్చులు రాయరు. ‘కా’ అని నేడు మనం పలుకుతున్నదానిలో మొదటిది కకారం. రెండవది గొంతులో పుట్టే మరొక హల్లు. దానిని పలకడానికి సౌకర్యంగా పండితులు ‘ఆ’ అని చదువుతున్నారు. అంటే నేను ఏ అచ్చును చూసి ‘అదిగో మన మాట’ అని సంబరపడ్డానో, ఆ అచ్చు చదివేవారు పెట్టుకున్నది! ఆ మాట ఇక్కడి నుండి వెళ్ళినదనడానికి నా వద్ద ఏ ఆధారమూ లేదు. కనుక నిరుటి నా మొదటి మాటను ఉపసంహరించుకుంటున్నాను.

జపాను భాషలో వాక్యం చివర ‘క’ చేరిస్తే అది ప్రశ్న అవుతుంది. మన ‘కః’ కూడా ప్రశ్నే కదా అని మనసు ఉరకలు వేస్తుంది. ఆ భాషలోనే ‘క’ అంటే దోమ కూడా. ప్రశ్నను మాత్రం స్వీకరించి దోమను వదిలివేయడం న్యాయం కాదు. హిందీలో ‘కా’ సంబంధాన్ని తెలుపుతుంది. మేఘాలయలోని ఖాసీ భాషలో స్త్రీలింగ పదాలకు ముందు ‘కా’ వస్తుంది. వారికి సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. హవాయి ద్వీపాల భాషలో ‘కా’ అంటే ‘ఆ, ఫలానా’ అని నిర్దేశించే మాట. మనిషి నోటిలో పుట్టే ధ్వనులు కొద్ది. చెప్పవలసిన అర్థాలు కోట్లు. చిన్న మాటలు అక్కడక్కడ కలవడం సహజం.

మరి నిజమైన చుట్టరికం లేదా? ఉన్నది. బాల్టిక్ సముద్రతీరంలోని లిథువేనియా భాషలో ‘కస్’ అంటే ‘ఎవరు, ఏమి’. లాటిన్ భాషలో ‘క్విస్’. హిందీలో ‘కౌన్’, ‘క్యా’, ‘కహాఁ’. ఇవి మన ‘కః’కు నిజమైన బంధువులు. ఎట్లా తెలుసు? ఒక్క మాట పోలినందువలన కాదు. వందల మాటలలో, ఒక ధ్వనికి బదులు మరొక ధ్వని ఒకే క్రమంలో వస్తున్నందువలన. అదే పరీక్ష తెలుగుకు పెడితే మన ప్రశ్నలు కకారంతో మొదలుకావు. ఎవరు, ఏది, ఎక్కడ, ఎప్పుడు అని ఎకార ఏకారాలతో మొదలవుతాయి, తమిళంలోనూ అంతే. తెలుగులో సంస్కృత పదాలు విస్తారంగా ఉన్నా, భాష మూలం వేరని, అది తమిళ కన్నడాలతో ఒక కుటుంబానికి చెందినదని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్ నిరూపించాడు. ఆ వ్యాసం కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికే పీఠికలో భాగంగా వెలువడినది.

ఇక నా రెండవ తప్పు. శ్రీరంగం సమీపంలోని జంబుకేశ్వర క్షేత్రాన్ని మీలో చాలామంది దర్శించి ఉంటారు. పంచభూత లింగాలలో అది జలలింగం. ఆ ఊరి పేరు తిరువానైక్కా. ‘సంస్కృతంలో కం అంటే నీరు, అందుకే జలలింగమున్న ఊరి పేరు చివర కా ఉన్నది’ అని నిరుడు చెప్పాను. ఎంత అందంగా కుదిరినదో చూడండి! కాని తమిళంలో ‘ఆనై’ అంటే ఏనుగు, ‘కా’ అంటే తోపు. ఏనుగు స్వామిని సేవించిన వనమని స్థలపురాణమే చెబుతున్నది. తమిళ సోదరులు తమ నోటితో చెప్పుకుంటున్న అర్థాన్ని తోసివేసి, నా అర్థాన్ని వారి ఊరి మీద మోపాను. అది మర్యాద కాదు. దానినీ ఉపసంహరించుకుంటున్నాను.

తమిళంలోనే మరొక ‘కా’ ఉన్నది. దాని అర్థం రక్షించడం. అది మన తెలుగుకు సొంత రక్తబంధువు. కాచు, కాపు, కావలి, కాపాడు. ఆపదలో ‘కావుమయ్యా’ అని మనం పిలిచేది ఆ ధాతువుతోనే. సంస్కృతంలోని ‘కః’ స్వామిని ప్రశ్నించే మాట, తెలుగులోని ‘కా’ స్వామిని శరణు వేడే మాట. రెండు మాటలకూ చుట్టరికం లేదు. అయినా ఒకే భక్తుని నోటిలో రెండూ పక్కపక్కనే ఉంటున్నాయి. నాకు ఇది చాలుననిపించినది. చుట్టరికం కల్పించనవసరం లేదు.

ఇట్లా ఉపసంహరించుకుంటే మన సంప్రదాయానికి తక్కువ కాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. దానికి సమాధానం ఛాందోగ్యోపనిషత్తులోనే ఉన్నది. ఉపకోసలుడనే శిష్యుడు సత్యకామ జాబాలుని వద్ద 12 ఏళ్ళు అగ్నులను సేవించాడు. తక్కిన శిష్యులందరినీ విద్య ముగించి పంపిన గురువు ఇతనిని పంపలేదు, ఉపదేశమూ చేయలేదు. గురుపత్ని చెప్పినా వినక ప్రయాణమై వెళ్ళిపోయాడు. శిష్యుడు దుఃఖంతో అన్నం మానివేశాడు. అప్పుడు అతడు సేవించిన అగ్నులే కరుణించి అతనికి ఉపదేశించాయి: ప్రాణం బ్రహ్మం, కం బ్రహ్మం, ఖం బ్రహ్మం అని.

అంతటి ఉపదేశం సాక్షాత్తు అగ్నిదేవుని నుండి వచ్చినప్పుడు ఆ శిష్యుడు తల ఊపి ఊరకున్నాడా? లేదు. ప్రాణం బ్రహ్మమని తెలిసినది కాని, కం, ఖం అనేవి నాకు బోధపడలేదన్నాడు. అగ్నులు ఆగ్రహించలేదు. ఏది కమో అదే ఖం, ఏది ఖమో అదే కం అని విప్పి చెప్పాయి. ‘కం’ సుఖం, ‘ఖం’ ఆకాశం. వస్తువుల వలన కలిగి, వస్తువులతో పోయే సుఖం కాదు. ఆకాశంవలె హద్దులేని సుఖం. ఆ శిష్యుడు ‘అర్థం కాలేదు’ అనకపోయి ఉంటే ఆ వివరణ మనకు దక్కేది కాదు.

ఇంకొక్క మాట. ఆ గురువు సత్యకాముడు ఎవరు? బాల్యంలో గురువు గోత్రమడిగితే, తల్లి చెప్పినదే దాచకుండా చెప్పి, నా గోత్రం నాకు తెలియదన్నవాడు. సత్యం నుండి తొలగలేదు కనుకనే ఉపనయనానికి అర్హుడైనాడు. ఆ గురుపరంపరకు నమస్కరిస్తూ, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పడం నాకు తగునా?

మూడవనాటి ఉదయం నేనే మనుమరాలి వద్దకు వెళ్ళి, “తల్లీ, నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను. మీ టీచరు అడిగినది సరియైన ప్రశ్న. నీవు అడిగినదీ సరియైనదే” అన్నాను. ఆ పిల్ల కొంచెంసేపు నన్ను చూసి, “అయితే ఆ దేవుడి పేరు నిజంగానే ‘ఎవరు’ అనేనా తాతయ్యా?” అని అడిగినది. “అది మాత్రం నిజం. చూపిస్తాను రా” అని పుస్తకం తెరిచాను. ఆ రోజు పూజకు గంట ఆలస్యమైనది. స్వామి మన్నించే ఉంటాడు; ఆలస్యానికి కారణం ఆయన పేరే కదా.

మహాశయులారా, మిమ్మల్ని కోరేవి రెండు. నిరుటి నా ప్రసంగాన్ని మీరు ఎవరికైనా పంపి ఉంటే, ఈ సవరణను కూడా వారికి దయచేసి పంపండి. మీ ఇంటి పిల్లలు ‘ఎవరు, ఎందుకు, ఎలా తెలుసు’ అని అడిగినప్పుడు కసురుకోకండి. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి వెదకండి. రేపటి పారాయణలో ‘కః’ అనే నామం దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ ప్రశ్నను కూడా స్వామి పాదాల వద్ద ఒక పుష్పంగా ఉంచండి.

సెలవు. స్వస్తి.